తోతాపురి పడిపోతే బెంగళూరు బస్సు

ప్రశ్న: మామిడి ధర పడిన ఏడాది మా కుర్రాళ్లు బెంగళూరు బాట పడుతున్నారు. యూరో వాడే దేశాల్లోనూ ఇంతేనా? ఇది మంచిదేనా?
— ఒక పాఠకుడు, బంగారుపాళ్యం

జవాబు: అక్కడా ఇంతే, కారణమూ ఒకటే. సొంత కరెన్సీ ఉన్న దేశం గడ్డుకాలంలో దాని విలువ తగ్గించుకుని సరుకును బయట చౌకగా అమ్ముకోగలదు. 2010 తర్వాతి గడ్డుకాలంలో యూరో వాడే గ్రీసు, స్పెయిన్‌లకు ఆ వీలు లేక, అక్కడి యువత జర్మనీకి వెళ్లింది. మీ చిత్తూరు జిల్లాకూ విడిగా రూపాయి లేదు. 2025లో తోతాపురి మామిడి ధర కుప్పకూలి, గుజ్జు ఫ్యాక్టరీల ముందు కాయల ట్రాక్టర్లు బారులు తీరాయి. ఒకే కరెన్సీ ఉన్నచోట కష్టకాలంలో మనుషులే కదలాలని 1961లో ఆర్థికవేత్త రాబర్ట్ మండెల్ వాదించారు.

అలాగైతే వలసే మందు కదా అంటారు కొందరు. సగమే ఒప్పుకుంటాను. బెంగళూరులో తెలుగుతో నెట్టుకురావచ్చు, ఆ సౌకర్యం జర్మనీలో గ్రీకులకు లేదు. కానీ 2020 లాక్‌డౌన్‌లో నగరాల్లోనే పనులు ఆగిపోయాయి. పైగా వయసువాళ్లు వెళ్తే తోట పెద్దవాళ్ల మీద పడుతుంది. అందుకే మనుషులతోపాటు డబ్బూ కష్టమున్న చోటికి కదలాలి. 2025లో రాష్ట్ర ప్రభుత్వం తోతాపురికి కిలోకు 4 రూపాయల సాయం ప్రకటించడం సరైన పనే. వెళ్లేవాళ్లకు ఒక మాట: జాతీయ ఆహార భద్రతా చట్టం కిందిదైతే మీ రేషన్ కార్డు కర్ణాటకలోనూ చెల్లుతుంది.