చౌకలో దొరికే చేవ: ఫాంటసీ బేస్‌బాల్‌లో స్లీపర్‌ను పట్టడం ఎలా

మార్చి వచ్చిందంటే అమెరికాలో ఫాంటసీ బేస్‌బాల్ డ్రాఫ్ట్‌ల హడావిడి మొదలవుతుంది. నిజం ఆటగాళ్లను డ్రాఫ్ట్‌లో పంచుకుని, సీజన్‌లో వాళ్లు తెచ్చే అంకెలతో పోటీపడే ఆట ఇది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగం చేసుకునే తెలుగువాళ్లకూ ఆఫీసులో ఎవరో ఒకరు కబురు పెడతారు, లీగ్‌లో ఒక టీమ్ ఖాళీ ఉంది చేరతావా అని. క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్లకు ఆట పట్టుబడటానికి ఎక్కువ రోజులు పట్టదు. లీగ్ గెలవడం మాత్రం వేరే విద్య. మొదటి అయిదారు రౌండ్లలో అందరూ ఒకే పేర్ల వెంట పడతారు, అక్కడ ఎవరూ ఎవరినీ పెద్దగా దాటిపోలేరు. పన్నెండో రౌండ్ దాటాక, గదిలో సగం మందికి ఓపిక అయిపోయాక, ఎవరి జాబితాలో సరుకు మిగిలి ఉందో వాళ్లదే సీజన్. ఆ సరుకునే స్లీపర్లు అంటారు. అలాంటివాళ్లను పట్టడం జాతకం చూడటం కాదు, వరసగా చేయాల్సిన పని. ప్రతి పేరు పక్కనా "ఇతనికి జనం ఎందుకు తక్కువ ధర కట్టారు, ఆ కారణం ఈ ఏడాది ఎందుకు చెల్లదు" అని ఒక్క వాక్యం రాసుకోగలగాలి. ఆ వాక్యం రాయలేకపోతే పేరు కొట్టేయాలి.

ముందు లీగ్ నిబంధనలు శ్రద్ధగా చదవండి. 1980లో డేనియల్ ఓక్రెంట్, ఆయన మిత్రులు మొదలుపెట్టిన ఆట ఇది. వాళ్లు కలుసుకున్న న్యూయార్క్ రెస్టారెంట్ పేరు మీదే దానికి రొటిస్సరీ అని పేరొచ్చింది. ఇవాళ ఎక్కువ లీగ్‌లలో పది విభాగాలుంటాయి. బ్యాటర్లకు పరుగులు, హోమ్ రన్లు, ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్‌తో టీమ్‌కు తెచ్చిన పరుగులు), దొంగిలించిన బేస్‌లు, బ్యాటింగ్ సగటు. పిచ్చర్లకు విజయాలు, సేవ్‌లు, స్ట్రైకౌట్లు, ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచ్చర్ ఖాతాలో పడే పరుగుల సగటు), విప్ (ఒక్కో ఇన్నింగ్స్‌కు ఇచ్చే హిట్‌లు, వాక్‌ల సగటు). పన్నెండు టీమ్‌లు, టీమ్‌కు 23 మంది అనుకుంటే మొత్తం 276 మంది అమ్ముడవుతారు. వేలం పద్ధతైతే టీమ్‌కు 260 డాలర్ల ఉత్తుత్తి సొమ్ము ఇవ్వడం ఆనవాయితీ. మీ లీగ్‌లో బ్యాటింగ్ సగటు బదులు ఆన్-బేస్ శాతం లెక్కపెడితే, ఓపిగ్గా వాక్‌లు తీసుకునే, అంటే చెడు బంతులు వదిలేసి బేస్ చేరే బ్యాటర్లందరి విలువా ఒక్కసారిగా పెరుగుతుంది. పక్కవాళ్లు మామూలు లీగ్‌ల జాబితా పట్టుకుని వస్తారు కాబట్టి అలాంటివాళ్లు కారుచౌకగా దొరుకుతారు. ఏ గణాంకమూ తిరగెయ్యకుండా వచ్చే లాభం ఇది.

తర్వాతి పని ధర తెలుసుకోవడం. డ్రాఫ్ట్‌లలో ఒక ఆటగాడు సగటున ఎన్నో నంబరులో అమ్ముడవుతున్నాడో చెప్పే లెక్కను ఏడీపీ అంటారు. మీ లీగ్ ఏ సైట్‌లో నడుస్తుందో ఆ సైట్ ఏడీపీనే తీసుకోండి. డ్రాఫ్ట్ రోజు అందరి కళ్ల ముందూ ఉండేది ఆ తెరే, చాలామంది చెయ్యి ఆ వరస ప్రకారమే కదులుతుంది. పక్కనే స్టీమర్, జిప్స్ లాంటి అంచనాలు పెట్టుకోండి. ఫాన్‌గ్రాఫ్స్‌లో రెండూ ఉచితంగా దొరుకుతాయి. రెండింటి సగటు తీసి, మీ లీగ్ విభాగాల ప్రకారం ర్యాంకులు వేసి, ఏడీపీకీ ఆ ర్యాంకుకూ ఉన్న తేడాను ఒక వరుసలో రాయండి. 120వ స్థానం కింద ఉండి, తేడా బాగా కనిపించే నలభై పేర్లు తేలతాయి. ఇవి ఇంకా స్లీపర్లు కావు, అనుమానితులు మాత్రమే. చాలామంది ఈ జాబితాతోనే డ్రాఫ్ట్‌కు వెళ్లిపోతారు. అసలు పని మొదలయ్యేది ఇక్కడే.

పిచ్చర్లతో మొదలుపెడదాం, జనం ఎక్కువగా పొరబడేది వాళ్ల దగ్గరే. గత ఏడాది ఈఆర్‌ఏ చూసి ధర కట్టేస్తారు. 2001లో వోరోస్ మెక్‌క్రాకెన్ అనే విశ్లేషకుడు ప్రచురించిన పరిశోధన ఈ అలవాటు వేరునే కదిలించింది. బ్యాట్‌కు తగిలి మైదానంలో పడిన బంతి హిట్ అవుతుందా, ఔట్ అవుతుందా అన్నది పిచ్చర్ చేతిలో మనం అనుకున్నంతగా ఉండదని ఆయన చూపించాడు. అలా పడిన బంతుల్లో హిట్‌లయ్యే వంతును బాబిప్ అంటారు. లీగ్ మొత్తమ్మీద అది 0.300 చుట్టుపక్కలే తిరుగుతుంది. ఒక పిచ్చర్‌కు అది 0.350 ఉంటే ఫీల్డర్లు ఆదుకోలేదనో, కాలం కలిసిరాలేదనో ముందు అనుమానించాలి. పిచ్చర్ సొంత పనితనం కనిపించేది స్ట్రైకౌట్లలో, వాక్‌లలో. స్ట్రైకౌట్ శాతంలోంచి వాక్ శాతం తీసేయండి. ఈమధ్య లీగ్ సగటు స్ట్రైకౌట్లలో 22 దరిదాపు, వాక్‌లలో 8 దరిదాపు, కాబట్టి తేడా 14 దగ్గర ఉంటే మామూలు పిచ్చర్. 20 దాటినవాడు 200వ స్థానం కింద దొరుకుతున్నాడంటే ఆగి చూడాల్సిందే.

దీన్ని దగ్గరగా చూడాలంటే కార్బిన్ బర్న్స్‌ను మించిన ఉదాహరణ నాకు తెలియదు. 2019లో మిల్వాకీ బ్రూవర్స్ తరఫున అతని ఈఆర్‌ఏ 8.82. 49 ఇన్నింగ్స్‌లో 17 హోమ్ రన్లు ఇచ్చాడు. ఆ అంకెలు చూసినవాళ్లు పేజీ తిప్పేస్తారు. కానీ అదే వరుసలో ఇంకో అంకె ఉంది. ఆ 49 ఇన్నింగ్స్‌లోనే 70 మందిని స్ట్రైకౌట్ చేశాడు. బ్యాటర్లకు బంతి అందకుండా వేయగలిగినవాడు ఇన్ని పరుగులెలా ఇచ్చాడు? బాబిప్ 0.400 దాటింది, గాల్లోకి లేచిన బంతుల్లో మూడో వంతుకు పైగా గోడ దాటాయి. ఏ పిచ్చర్‌కూ ఏటేటా ఇలా జరగదు. అయితే మొత్తం దురదృష్టమే అని సరిపెట్టుకోకూడదు. ఒక్కో రకం బంతికి ఏమైందో విడదీసి చూస్తే జబ్బు బయటపడుతుంది. అతను ఎక్కువగా వేసిన ఫోర్-సీమ్ ఫాస్ట్‌బాల్‌ను బ్యాటర్లు చితగ్గొట్టారు, స్లైడర్‌ను తాకలేకపోయారు. అంటే చెయ్యి బాగుంది, వేసే బంతి ఎంపికే బాగాలేదు. 2020లో అతను ఆ ఫాస్ట్‌బాల్‌ను దాదాపు పక్కన పెట్టి కట్టర్‌నూ సింకర్‌నూ నమ్ముకున్నాడు. ఈఆర్‌ఏ 2.11కు దిగింది, 60 ఇన్నింగ్స్ కూడా నిండకుండా 88 స్ట్రైకౌట్లు వచ్చాయి. 2021లో నేషనల్ లీగ్ ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అతనిదే. 2020 మొదట్లో అతని కోసం చివరి రౌండ్లు ఖర్చు చేసినవాళ్లకు రాసుకోవడానికి రెండు వాక్యాలున్నాయి. దురదృష్టం తిరగబడుతుందనేది ఒకటి, బంతి ఎంపిక మారుతోందనేది రెండోది. మొదటిదానికన్నా రెండోదానికే నేను ఎక్కువ విలువిస్తాను. అదృష్టం తిరిగితే మామూలు పిచ్చర్ వస్తాడు, పనిలో మార్పు వస్తేనే కొత్త పిచ్చర్ వస్తాడు.

బ్యాటర్ల దగ్గర పని కాస్త సులువు. 2015 నుంచి మేజర్ లీగ్ మైదానాలన్నిటిలో స్టాట్‌కాస్ట్ కెమెరాలు, రాడార్లు ప్రతి బంతినీ కొలుస్తున్నాయి. బేస్‌బాల్ సవాంట్ సైట్‌లో ఆ అంకెలన్నీ ఎవరైనా చూసుకోవచ్చు. గంటకు 95 మైళ్లు, ఆపైన వేగంతో బ్యాట్‌ను వీడిన బంతిని గట్టి దెబ్బగా లెక్కిస్తారు. వేగం కనీసం 98 మైళ్లుండి, కోణం కూడా అందుకు తగ్గట్టుగా కుదిరితే దాన్ని బ్యారెల్ అంటారు, హోమ్ రన్లకు అవే ముడిసరుకు. బ్యాటింగ్ సగటు పడిపోయినా బ్యారెల్ శాతం తగ్గని బ్యాటర్ మీ జాబితాలో ఉండాలి. స్ట్రైకౌట్ శాతం అరవై, డెబ్భైసార్లు బ్యాటింగ్‌కు దిగేసరికే నిజస్వరూపం చూపించడం మొదలుపెడుతుంది. బ్యాటింగ్ సగటు నమ్మదగినంత నిలకడకు రావాలంటే ఒక సీజన్ కూడా చాలదు. జనం మాత్రం సగటు చూసే ధర కడతారు.

అలాగని స్టాట్‌కాస్ట్ అంకెలే వేదం కాదు. ఐజాక్ పరేడెస్ బంతిని పెద్ద వేగంతో కొట్టడు, అయినా 2023లో టాంపా బేకు ఆడుతూ 31 హోమ్ రన్లు కొట్టాడు. ఎత్తుగా లేపి, ఎడమ చివర గీతను ఆనుకుని గోడ దాటించడం అతని పద్ధతి. 2024 జూలైలో చికాగో కబ్స్‌కు మారాక, గోడ దూరంగా ఉన్న రిగ్లీ మైదానంలో ఆ పద్ధతి పారలేదు, అక్కడ మూడే కొట్టాడు. ఆ తర్వాత వెళ్లిన హ్యూస్టన్‌లో ఎడమ వైపు గోడ మూలన 315 అడుగులే. 2025లో అక్కడ గాయంతో చాలా ఆటలు పోయినా 20 కొట్టాడు. కాబట్టి చలికాలంలో ఎవరు ఏ టీమ్‌కు మారారో తెలియగానే కొత్త మైదానం కొలతలు తెరిచి, ఆ బ్యాటర్ బంతులు ఎటు పోతాయో ఆ పటం మీద పెట్టి చూడండి. పది నిమిషాల పని ఇది. మైదానం మారిన ప్రభావం ధరలో వెంటనే కనబడదు.

తర్వాత అవకాశం. ఎంత చేవ ఉన్నవాడైనా బరిలోకి దిగితేనే అంకెలు. లెఫ్ట్‌హ్యాండ్ పిచ్చర్ వచ్చినప్పుడల్లా బెంచీ మీద కూర్చునే బ్యాటర్‌కు ఈసారి రోజూ చోటు దక్కుతుందా? ఆట మధ్యలో వచ్చే రిలీఫ్ పిచ్చర్‌ను ఆట మొదలుపెట్టే స్టార్టర్‌గా మారుస్తున్నారా? 2024లో అట్లాంటా రేనాల్డో లోపెజ్‌ను అలా మారిస్తే 1.99 ఈఆర్‌ఏతో ముగించాడు. అదే ఏడాది వైట్ సాక్స్ గారెట్ క్రోషేను మారిస్తే 209 స్ట్రైకౌట్లు చేశాడు. ఈ మార్పులను టీమ్‌లు దాచవు, ఫిబ్రవరిలోనే మేనేజర్లు పేపర్లవాళ్లకు చెప్పేస్తారు. టీమ్ స్థానిక పత్రిక చదివేవాళ్లకు ఆ కబురు ముందే అందుతుంది. సేవ్‌ల కోసం, ఆఖరి ఇన్నింగ్స్‌లో ఆధిక్యాన్ని కాపాడే క్లోజర్‌ను ఖరీదుగా కొనేబదులు, తడబడుతున్న క్లోజర్ వెనక ఎనిమిదో ఇన్నింగ్స్ వేస్తున్నది ఎవరో రాసి పెట్టుకోండి.

నిబంధనలు మారిన ఏడు మరీ మంచి అదను. 2023లో బేస్‌ల వెడల్పును 15 నుంచి 18 అంగుళాలకు పెంచారు, పిచ్చర్ మౌండ్ మీది పలక నుంచి కాలు తీయడానికీ, రన్నర్ వైపు బంతి విసరడానికీ పరిమితి పెట్టారు. 2022లో లీగ్ మొత్తమ్మీద 2,486 బేస్‌లు దొంగిలిస్తే, 2023లో 3,503 దొంగిలించారు. ఆ మార్చిలో పరుగు వేగం అంకెలు తీసి, సెకనుకు 29 అడుగులు దాటినవాళ్లను చివర్లో ఏరుకున్నవాళ్లకు ఒక విభాగం దాదాపు ఉచితంగా దక్కింది.

కుర్రాళ్ల సంగతికి వస్తే నా సలహా సూటిగానే ఉంటుంది. ఇంకా ఆడని కుర్రాడికన్నా ఒకసారి ఆడి విఫలమైనవాణ్ణి వెతకండి. బోస్టన్ ఆటగాడు జారెన్ డురాన్ సగటు 2021లో 0.215, 2022లో 0.221. అప్పటికి జనం అతన్ని మర్చిపోయారు. 2024లో 21 హోమ్ రన్లు, 34 దొంగిలించిన బేస్‌లు, వందకు పైగా పరుగులు. కొత్త కుర్రాళ్ల ధరలో ఆశ కూడా కలిసిపోయి ఉంటుంది. తల్లి వైపు నుంచి భారతీయ మూలాలున్న కుమార్ రాకర్ అంటే మనవాళ్లకు సహజంగానే అభిమానం, నాకూ ఉంది. 2022 మేజర్ లీగ్ టీమ్‌ల డ్రాఫ్ట్‌లో మూడో పేరు అతనిదే, మోచేతి శస్త్రచికిత్స తర్వాత 2024 సెప్టెంబరులో టెక్సాస్ తరఫున మేజర్ లీగ్‌లోకి వచ్చాడు. మరుసటి ఏడాది ఈఆర్‌ఏ 5 దాటింది, మైనర్ లీగ్‌కూ పంపారు. మనం చప్పట్లు కొట్టే ఆటగాడు వేరు, డ్రాఫ్ట్‌లో డబ్బు పెట్టే ఆటగాడు వేరు. 2025 తర్వాత అతని ధర పడిపోయింది కాబట్టి ముందుముందు ఈ జాబితాలోకి న్యాయంగానే రావచ్చు. కానీ అప్పుడైనా స్ట్రైకౌట్, వాక్ అంకెలే అతన్ని లోపలికి పిలవాలి.

మార్చి నెలంతా ఫ్లోరిడా, అరిజోనాల్లో సన్నాహక ఆటలు జరుగుతాయి. అక్కడి సగటులు, ఈఆర్‌ఏలు వదిలేయండి, ఎదురుగా ఎవరు ఆడుతున్నారో కూడా చెప్పలేని ఆటలవి. ఫాస్ట్‌బాల్ వేగం నిరుటికన్నా ఒక మైలు పెరిగిందా, కొత్త రకం బంతి నేర్చుకున్నాడా, బ్యాటింగ్ వరసలో ఎన్నో స్థానంలో దింపుతున్నారు, ఈ మూడే చూడండి. ఈ సరికి నలభై పేర్లలో పదిహేను మిగిలితే జల్లెడ సరిగ్గా పట్టినట్టే.

డ్రాఫ్ట్ రోజు రెండు జాగ్రత్తలు. ఏడీపీ 210 అంటే పన్నెండు టీమ్‌ల లీగ్‌లో పద్దెనిమిదో రౌండ్. మీకు బాగా నచ్చినవాణ్ణి పదహారో రౌండ్‌లో తీసేసుకోండి, చివరిదాకా ఆగితే చేజారిపోతాడు. పదో రౌండ్‌లోనే తీస్తే మిగులు ఏమీ ఉండదు. వేలంలోనైతే మీకు అక్కర్లేని ఖరీదైన పేర్లను ముందు పలికి పక్కవాళ్ల సొమ్ము ఖర్చయ్యేలా చూడండి. చివర్లో అందరి దగ్గరా ఒక్కో డాలరే మిగిలి, మీ దగ్గర మూడేసి డాలర్లుంటే మీ జాబితా మొత్తం మీదే.

సీజన్ మొదలయ్యాక మీరు రాసుకున్న వాక్యాన్ని బట్టి నడవండి. కట్టర్ ఎక్కువ వేస్తాడని కొన్న పిచ్చర్ ఏప్రిల్‌లో పరుగులిచ్చినా, కట్టర్ నిజంగా వేస్తుంటే ఉంచండి. వేయడం లేదంటే ఈఆర్‌ఏ 2 ఉన్నా మార్పిడికి పెట్టేయండి. మీ టీమ్ పోటీలో లేకపోయినా సెప్టెంబరులో అంకెలు చూడటం మానకండి, వచ్చే ఏడాది జాబితా అక్కడే మొదలవుతుంది. హోసే బౌటిస్టా 2009లో టొరంటోకు కొట్టిన 13 హోమ్ రన్లలో ఎక్కువ భాగం, స్వింగ్‌ను ముందుగా మొదలుపెట్టడం నేర్చుకున్నాక, సీజన్ ఆఖర్లోనే వచ్చాయి. మార్చి నాటికి అందరికీ గుర్తున్నది 13 అన్న అంకె ఒక్కటే. 2010లో అతను 54 కొట్టాడు.