చదరంగపు గళ్ళలో ఒక మహాసంఖ్య

చదరంగమును కనిపెట్టినవానిని రాజు వరము కోరుకొమ్మనెననియు, అతడు మొదటి గడికి 1 గింజ, రెండవ గడికి 2, మూడవ గడికి 4, ఇట్లు గడిగడికి రెట్టించి 64 గళ్ళకును ధాన్యమిమ్మని అడిగెననియు ఒక కథ కలదు. రాజు నవ్వి సరే యనెను. ఆ కోరిక ఎంతటిదో లెక్కింతము.

1, 2 కూడగా 3. ఇది 4 కంటె ఒకటి తక్కువ. 1, 2, 4 కూడగా 7. ఇది 8 కంటె ఒకటి తక్కువ. ఎన్ని గళ్ళు కూడినను మొత్తము తరువాతి గడిలోని గింజలకు ఒకటి తక్కువగానే వచ్చును. కావున 64 గళ్ళ మొత్తము, 2ను 64 మారులు వ్రాసి గుణింపగా వచ్చుదానికి ఒకటి తక్కువ. అది 18446744073709551615. అనగా 1,84,467 కోట్ల కోట్లకు పైమాట. బియ్యపు గింజలు 40 చేరి ఒక గ్రాము తూగుననుకొన్నచో, ఇది సుమారు 46,000 కోట్ల టన్నులు. మన కొరాపుట్, రాయగడ జిల్లాల పొలములే కాదు, నేడు ప్రపంచమంతయు పండించు బియ్యమును ఎనిమిది వందల ఏండ్లకు పైగా కూడబెట్టినగాని ఆ వరము తీరదు!

ఈ 20 అంకెలను తప్పక జ్ఞాపకముంచుకొనుట ఎట్లు? మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహమును తెనిగించిన పావులూరి మల్లన పేరిట ప్రసిద్ధమైన ఒక తెలుగు పద్యమున ఈ సంఖ్య యంతయు ఇమిడియున్నది. అందు అంకెలకు బదులు మాటలుండును. చంద్రుడు ఒక్కడే కనుక 1, వేదములు 4, మన్మథుని శరములు 5, గగనము శూన్యము కనుక 0. ఒకట్ల స్థానము మొదలుకొని ఎడమకు వ్రాసికొనవలెను. “వేద గగన చంద్ర” అన్నచో 104. అంకె జారినను వ్రాయసగానికి తెలియకపోవచ్చును. పద్యములో మాట జారినచో ఛందస్సు చెడి వెంటనే తెలియును.

ఇక దీని కారణాంకములను చూడుడు. చివర 5 ఉన్నది గనుక 5చే భాగింపబడును. అంకెల మొత్తము 87. కనుక 3చేతను భాగింపబడును. ఇంకను వింత యున్నది: 3ను 5చే గుణింపగా 15, దానిని 17చే గుణింపగా 255, దానిని 257చేతను, పిదప 65537చేతను, తుదకు 4294967297చేతను గుణించినచో మన మహాసంఖ్యయే వచ్చును. 3, 5, 17, 257, 65537 ప్రధాన సంఖ్యలు. కనుక 4294967297 కూడ అట్టిదే యని 17వ శతాబ్దమున ఫెర్మా అను గొప్ప గణితవేత్త తలచెను. 1732లో ఆయిలర్ అది 641, 6700417ల లబ్ధమని చూపెను. ఐదు ఉదాహరణలు సరిపోయినంత మాత్రమున ఆరవది సరిపోవునని నమ్మరాదు.

మన బిడ్డలు ఇంట తెలుగు, సంతలో దేశియా, కచేరీలో ఒడియా వినుచున్నారు. “తెలుగు పద్యములకే గాని లెక్కలకు పనికిరాదు” అను తల్లిదండ్రులు కొందరు కలరు. వారికి ఈ పద్యమే సమాధానము. ఒడియా అంకెలలో వ్రాసినను, తెలుగు అంకెలలో వ్రాసినను సంఖ్య మారదు. ఒక భాషలో చక్కగా నేర్చిన లెక్క మరొక భాషలో చెడిపోదు.

అభ్యాసము: 641ని 6700417చే గుణించి, ఆయిలర్ మాట నిజమేనా అని మీరే చూడుడు. ఆ లెక్కను ఈ రాత్రి మీ యింటివారికి తెలుగులో వివరింపుడు.