చెక్క నావకి కొత్త ఇంజను: హార్స్‌పవర్ అడిగే ముందు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, వేట నిషేధం నడిచే ఈ 61 రోజుల్లోనే మన ఒడ్డున నావల మరమ్మతులన్నీ జరుగుతాయి. ఇచ్ఛాపురం దగ్గరి డొంకూరు నుంచి భోగాపురం మండలం ముక్కాం వరకు ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి ఫైబర్ తెప్పలే. అయినా తండ్రి నాటి చెక్క నావని వదలలేక, లోపలి డీజిల్ ఇంజను మాత్రం మార్చాలనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఈ మాటలు వాళ్ల కోసం.

వెరావల్‌లోనో విశాఖ హార్బరులోనో పెద్ద బోట్ల మీద పనిచేసి వచ్చినవాళ్లు ఆరు సిలిండర్ల ఇంజను బలం చూసి ఉంటారు. సొంత నావకీ అలాంటి బలమే కావాలనిపిస్తుంది. కానీ ఆ బోట్లు వలని ఈడ్చేవి, జెట్టీకి కట్టేవి. మన నావ కెరటం దాటి పోవాలి, తిరిగొచ్చి ఇసుక మీద ఆగాలి. నీటిని చీల్చుకుంటూ పోయే నావకి దాని పొడవే వేగం హద్దు గీస్తుంది. నీటి మట్టం దగ్గర 25 అడుగుల పొడవుంటే గంటకి సుమారు 6.7 నాటికల్ మైళ్లు దాని గరిష్ఠం. అక్కడి నుంచి ఎంత బలం పెట్టినా వెనక కెరటం పెద్దదవుతుందే తప్ప ఇంటికి త్వరగా చేరరు. ఆ హద్దు లోపలైనా వేగం పదో వంతు పెంచాలంటే శక్తి సుమారు మూడో వంతు ఎక్కువ కావాలి. మనుషులు, వల, చేపలు, ఐసు అన్నీ కలిపి బరువు లెక్కేసి, టన్నుకి 4 లేదా 5 హార్స్‌పవర్ చాలనుకోండి.

డీజిల్ ఇంజను ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకి సుమారు పావు లీటరు తాగుతుంది. 10 హార్స్‌పవర్ పూర్తిగా వాడుతూ 8 గంటలు నడిపితే 20 లీటర్లు. 15 రోజుల వేటకి 300 లీటర్లు. 2019లో లీటరుకి 6.03 నుంచి 9 రూపాయలకి పెంచిన డీజిల్ రాయితీ మోటారు తెప్పలకి నెలకి ఆ 300 లీటర్ల వరకే. పెద్ద ఇంజను పెట్టి దాని బలమంతా వాడితే ఆపైన పోసే ప్రతి లీటరూ పూర్తి ధరకే.

ఇంజను కన్నా ముందు చూడాల్సింది అది కూర్చునే దూలాలు. పాతది దించగానే సుత్తితో కొట్టి చూడండి. బోల్టుల చుట్టూ నల్లబడితే ఇనుము తుప్పు చెక్కలోకి దిగిందన్నమాట. మొద్దు చప్పుడు వస్తే లోపల కుళ్లింది. అలాంటి దూలం మీద, అందులోనూ ఒకే సిలిండరున్న ఇంజను పెడితే, ఆ అదురుకి పలకల సందులు విడిపోయి నీరు వస్తుంది. ఇంజను డబ్బుల్లోంచి కొంత తీసి ముందు కలపకి పెట్టాలని గట్టిగా చెబుతాను. చిన్న ఇంజను తీసుకుంటే ఆ డబ్బు దానంతటదే మిగులుతుంది.

తర్వాత ఫ్యాను. నావని తోసేది అదే, కానీ బేరంలో దాని మాటే రాదు. కొత్త ఇంజన్లు వేగంగా తిరుగుతాయి. గేరుబాక్సుతో ఆ వేగం సగానికో మూడో వంతుకో తగ్గించి, పెద్ద ఫ్యానుని నెమ్మదిగా తిప్పడమే లాభం. రెక్క కొసకీ నావ అడుగుకీ మధ్య ఫ్యాను వ్యాసంలో 15 శాతం ఖాళీ ఉండాలి, అంటే 20 అంగుళాల ఫ్యానుకి 3 అంగుళాలు. ఆ చోటు లేకపోతే చిన్న ఫ్యానుతో సరిపెట్టుకోవాలి. కాబట్టి ముందు నావ వెనక భాగం కొలిచి, తర్వాతే కొట్టుకి వెళ్లండి.

ఒడ్డుకి లాగే నావకి ఇంకో చిక్కుంది. కింద దిగి ఉన్న షాఫ్టు ఇసుకకి తగిలి వంగుతుంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ మద్రాసు కేంద్రంగా నడిపిన బంగాళాఖాత కార్యక్రమంలో నౌకా శిల్పి ఓయివిండ్ గుల్‌బ్రాండ్‌సెన్, ఆయన బృందం 1980లలో దీనికి ఉపాయం చూశారు. చిన్న డీజిల్ ఇంజను, షాఫ్టు కలిసి ఒరిగేలా పెట్టారు. దరి దగ్గర పడగానే ఫ్యాను పైకి లేస్తుంది. మన ఒడ్డుకి ఇంతకన్నా తగిన పద్ధతి నాకు తెలియదు. ఇలా లేపే ఏర్పాటుకి తేలికైన ఇంజనే కావాలి. గాలితో చల్లబడే రకమైతే నాగావళి, వంశధార మొగల్లోని ఒండ్రు పంపులోకి పోయే బెడదా తప్పుతుంది. పాత లారీ ఇంజను చవగ్గా వచ్చిందని కొని ఉప్పునీరు నేరుగా దాని లోపలికి పంపకండి, తినేస్తుంది.

వేసవి ఎండకి ఎండిన చెక్క నీళ్లలో పడ్డాక ఉబ్బుతుంది, నావ ఆకారం కాస్త మారుతుంది. అందుకే ఇసుక మీద సరిచూసిన షాఫ్టు వరసని నావ నీళ్లలో రెండు మూడు రోజులున్నాక మళ్లీ చూడాలి. తర్వాత పూర్తి బరువుతో, పూర్తి వేగంతో నడిపి చూడండి. ఇంజను పలక మీద రాసిన తిరుగుళ్లు అందుకోకుండా నల్ల పొగ వస్తే ఫ్యాను మలుపు ఎక్కువైనట్టు. మెకానిక్ నావలో ఉండగానే ఈ పరీక్ష జరగాలి. ఆఖరి వాయిదా ఆ తర్వాతే ఇవ్వండి. కొత్త ఇంజను నంబరుని మత్స్యశాఖ కార్యాలయంలో నావ రిజిస్ట్రేషనులో ఎక్కించుకోవడం జూన్ 14 లోపే ముగించండి.