మార్కాపురం ఇంటికి వైఫై రౌటర్: ఏది కొనాలి, తాళం ఎలా వేయాలి?

ఫోన్ కొనేముందు మనం పది రివ్యూలు చూస్తాం. ప్రాసెసర్ ఏది, ఛార్జింగ్ ఎన్ని వాట్లు, కెమెరా రాత్రిపూట ఎలా ఉంది, అన్నీ అడుగుతాం. ఆ ఫోన్ రోజంతా ఆధారపడే రౌటర్ గురించి మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడగం. కనెక్షన్ ఇచ్చిన కుర్రాడు గోడకి ఏది తగిలిస్తే అదే రౌటర్, ఏది రాసి ఇస్తే అదే పాస్‌వర్డ్.

మా మార్కాపురం వైపు ఇంటింటికీ ఫైబర్ రావడం ఈ మధ్య కథే. ఏపీ ఫైబర్‌నెట్‌ను అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ 2017 డిసెంబర్ 27న జాతికి అంకితం చేశారు. కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగి, నెలకు 149 రూపాయల మొదటి ప్యాకేజీలో 15 ఎంబీపీఎస్ ఇచ్చారు. ఆ తర్వాత ప్రైవేటు కంపెనీలు, లోకల్ కేబుల్ వాళ్లూ పోటీకి దిగారు. ఇప్పుడు 100 ఎంబీపీఎస్ ప్లాన్ అంటే ఎవరూ ఆశ్చర్యపోవడం లేదు. కానీ 'హాల్లో బాగానే వస్తుంది, లోపలి గదిలో రీల్ కూడా తిరగదు' అనే మాట మాత్రం ప్రతి వీధిలో వింటున్నా. అందుకే ఈ పాఠం. ముందు కొనడం, తర్వాత తాళం.

గోడకున్న పెట్టె ఏంటి?

ఫైబర్ వచ్చి దిగే పెట్టెను ఓఎన్‌టీ అంటారు. కొన్నిచోట్ల ఓఎన్‌యూ అని కూడా అంటారు. వెలుతురు రూపంలో వచ్చే సిగ్నల్‌ను ఇది మామూలు నెట్‌వర్క్ సిగ్నల్‌గా మారుస్తుంది. చాలా ఇళ్లలో రౌటర్ కూడా ఇదే పెట్టెలో కలిసి ఉంటుంది. కాబట్టి కొత్త రౌటర్ కొన్నా ఈ పెట్టెను తీసి పారేయలేం. కొత్తది దీని వెనకాల ల్యాన్ వైరుతో తగిలించాల్సిందే.

అసలు కొత్తది కావాలా అన్నది ముందు తేల్చుకోండి. ల్యాప్‌టాప్‌ను ల్యాన్ వైరుతో నేరుగా ఆ పెట్టెకు కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. వైరులోనే తక్కువ వస్తే తప్పు లైనుది, రౌటర్ మార్చినా డబ్బు దండగ. వైరులో పూర్తిగా వచ్చి వైఫైలో పడిపోతుంటే అప్పుడు రౌటర్ గురించి ఆలోచించాలి.

మన గోడలు వేరు

పలకలకు పేరున్న ఊరు మనది. పాత ఇళ్లలో రాతి గోడలు, పైన బండల మిద్దెలు మామూలే. వైఫై తరంగాలకు ఇంత మందపాటి రాయి పెద్ద అడ్డంకి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ కాస్త దూరం వెళ్తుంది, గోడలు దాటుతుంది, కానీ వేగం తక్కువ. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, రెండో గోడకే నీరసపడిపోతుంది. అందుకే రెండు బ్యాండ్లూ ఉన్న రౌటరే కొనండి. 2.4 మాత్రమే ఉన్నది ఎంత చవకగా వచ్చినా వద్దు.

ముందు ఉన్న రౌటర్‌నే జరిపి చూడండి. ఇనుప బీరువా పక్కన, ఫ్రిజ్ మీద, టీవీ వెనకాల పెట్టకండి. ఇంటి మధ్యలో, తల ఎత్తు కంటే కాస్త పైన, ద్వారాలకు ఎదురుగా ఉంటే మంచిది. తరంగాలకు గోడ కంటే తెరిచిన తలుపు సులువు. మా బాబాయి వాళ్ల పాత రాతి ఇంట్లో కొత్త రౌటర్ కొనకుండానే పని అయిపోయింది. పెట్టెను వీధి గదిలోంచి నడవలోకి మార్చాం, అంతే.

అలా జరిపినా అందకపోతే లోపలి గది దాకా ఒక ల్యాన్ వైరు లాగి, అక్కడ రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి. రాతి గోడల ఇంట్లో వైర్‌లెస్ రిపీటర్ కంటే ఈ వైరే నమ్మకం. రిపీటర్ అందుకునేదే బలహీనమైన సిగ్నల్ అయితే, అది పంచేదీ బలహీనంగానే ఉంటుంది.

డబ్బా మీది అంకెల మాయ

డబ్బా మీద ఏసీ1200 అని ఉంటుంది. అంటే మీ ఫోన్‌కి 1200 ఎంబీపీఎస్ వస్తుందని కాదు. 2.4 బ్యాండ్‌లో 300, 5 బ్యాండ్‌లో 867 కలిపి, పైకి రౌండ్ చేసిన లెక్క అది. పైగా ఇవి లాబొరేటరీ అంకెలు. ఇంట్లో అందులో సగం వచ్చినా సంతోషించాలి.

అసలు చూడాల్సింది వెనకాల ఉన్న పోర్టులు. చవక మోడళ్లలో పోర్టు వేగం 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది. కంభం చెరువు ఎంత నిండుగా ఉన్నా, మీ పొలానికి వచ్చే కాలవ సన్నదైతే పారేది ఆ కాలవలో పట్టినంతే కదా. మీ ప్లాన్ 100 దాటితే గిగాబిట్ పోర్టులున్నదే తీసుకోండి.

నా లెక్క ఇది. 100 ఎంబీపీఎస్ లోపు ప్లాన్, నలుగురు మనుషులు, ఒక టీవీ ఉంటే వైఫై 5 సరిపోతుంది. పది పన్నెండు పరికరాలు ఉంటే, సీసీ కెమెరాలు కూడా తగిలిస్తే వైఫై 6 తీసుకోండి. ఎక్కువ పరికరాలకు ఒకేసారి వంతులు పంచడం దాని అసలు బలం. వైఫై 7కు 2024 జనవరిలో సర్టిఫికేషన్ మొదలైంది. మీ ఫోన్‌లో ఆ సపోర్ట్ లేకుండా అంత ఖర్చు అనవసరం.

ఇంకో రెండు విషయాలు. డబ్ల్యూపీఏ3 ఉందా, కంపెనీ ఆ మోడల్‌కు ఇంకా ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు ఇస్తోందా అని కంపెనీ వెబ్‌సైట్‌లో చూడండి. చివరి అప్‌డేట్ నాలుగేళ్ల కిందటిదైతే ఆ మోడల్‌ను వదిలేయండి. కరెంటు పోయినప్పుడు నెట్ కావాలంటే మినీ యూపీఎస్ కొనండి. అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు, పిన్ సైజు సరిపోవాలి. ఓఎన్‌టీ వేరు, రౌటర్ వేరు అయితే రెండిటికీ బ్యాకప్ ఉండాలని మర్చిపోకండి.

మొబైల్ నంబర్ పాస్‌వర్డ్ ఎంతసేపు ఆగుతుంది?

మన దగ్గర వైఫై పాస్‌వర్డ్ అడిగితే సగం మంది చెప్పేది ఇంటి యజమాని మొబైల్ నంబరే. దీన్ని లెక్క వేసి చూద్దాం.

మీ ఫోన్ రౌటర్‌కి కనెక్ట్ అయ్యేటప్పుడు రెండిటి మధ్య ఒక చిన్న పలకరింపు జరుగుతుంది. దాన్ని హ్యాండ్‌షేక్ అంటారు. డబ్ల్యూపీఏ2లో వీధిలో నిలబడ్డవాడు కూడా దాన్ని పట్టుకోగలడు. ఇంటికి తీసుకెళ్లి, తీరిగ్గా పాస్‌వర్డ్‌లు ఒక్కొక్కటే పోల్చి చూసుకోగలడు. మంచి గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు సెకనుకు సుమారు 10 లక్షలు పోల్చగలదు.

మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తో మొదలవుతాయి. పది అంకెలు. అంటే మొత్తం 400 కోట్లు. 400 కోట్లను 10 లక్షలతో భాగిస్తే 4,000 సెకన్లు. గంటా ఏడు నిమిషాలు. అదీ మీ నంబర్ అసలు తెలియనివాడికి. షాపు బోర్డు మీద నంబర్ రాసి ఉంటే అంతసేపు కూడా అక్కర్లేదు.

ఇప్పుడు రెండో లెక్క. 2,000 మామూలు మాటల జాబితా రాసుకుని, అందులోంచి చీట్లు తీసినట్టు ఐదు మాటలు తీయండి. పలక, గొడుగు, ఇంజిన్, చింతపండు, బుధవారం. ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి టైప్ చేయండి. అదే కార్డుకు అన్ని అవకాశాలూ చూడ్డానికి దాదాపు వెయ్యేళ్లు పడుతుంది. అమ్మమ్మకి కూడా గుర్తుంటుంది. నేను రాసినవి మాత్రం వాడకండి, మీ చీట్లు మీరే తీయండి.

డబ్ల్యూపీఏ3లో ఇలా ఇంటికి తీసుకెళ్లి పోల్చడం కుదరదు, ప్రతి ప్రయత్నానికీ రౌటర్‌నే అడగాలి. పాత ఫోన్లు ఉంటే డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిసిన మోడ్ పెట్టండి. ఆ మోడ్‌లో పాత దారి కూడా తెరిచే ఉంటుంది కాబట్టి బలమైన పాస్‌వర్డ్ తప్పదు.

పోయేదేముంది అనుకుంటున్నారా?

బ్యాంకు, యూపీఐ యాప్‌లు తమ సమాచారాన్ని తామే ఎన్‌క్రిప్ట్ చేసుకుంటాయి. పక్కింటివాడు మీ వైఫైలోకి వచ్చినంత మాత్రాన ఖాతా ఖాళీ అయిపోదు. భయం వేరే చోట ఉంది. లోపలికి వచ్చినవాడికి మీ కెమెరా, మీ ల్యాప్‌టాప్‌లో షేర్ చేసిన ఫోల్డర్ కనబడొచ్చు. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా ఫ్యాక్టరీదే అయితే డీఎన్ఎస్ మార్చి మిమ్మల్ని నకిలీ సైట్లకు మళ్లించొచ్చు.

అన్నిటికంటే పెద్దది, మీ లైనులో ఎవరేం చేసినా బయటికి కనబడేది మీ కనెక్షనే. 2008 జూలై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు మీడియాకు ఒక బెదిరింపు ఈమెయిల్ వచ్చింది. ఐపీ అడ్రస్ పట్టుకుని పోలీసులు వెళ్తే, అది నవీ ముంబైలో ఉంటున్న ఒక అమెరికన్ ఇల్లు. ఆయన వైఫైకి సరైన రక్షణ లేదు, ఎవరో వాడుకున్నారు. విచారణ మాత్రం ఆయనకు తప్పలేదు. మన వీధిలో అలాంటిది జరిగితే స్టేషన్‌కి వెళ్లేది కనెక్షన్ ఎవరి పేరున ఉంటే వాళ్లే. చాలా ఇళ్లలో ఆ పేరు నాన్నది.

అరగంటలో చేయాల్సినవి

1. బ్రౌజర్‌లో 192.168.1.1 లేదా 192.168.0.1 కొట్టి రౌటర్ పేజీ తెరవండి. సరైన అడ్రస్ పెట్టె అడుగున రాసి ఉంటుంది. ముందు అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. ఇది వైఫై పాస్‌వర్డ్ కాదు, రెండూ వేరువేరుగా ఉండాలి. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ సుమారు 60 ఫ్యాక్టరీ లాగిన్‌ల జాబితాతోనే లక్షల కెమెరాలు, రౌటర్లలో దూరింది.

2. వైఫై పాస్‌వర్డ్ ఐదు మాటలది పెట్టండి. నెట్‌వర్క్ పేరులో ఇంటి పేరు, డోర్ నంబర్, మొబైల్ నంబర్ వద్దు.

3. డబ్ల్యూపీఎస్ ఆపేయండి. దాని పిన్ ఎనిమిది అంకెలే అయినా రౌటర్ దాన్ని రెండు ముక్కలుగా సరిచూస్తుంది, చివరి అంకె ముందువాటి నుంచే లెక్కకొస్తుంది. అందుకని 11,000 ప్రయత్నాలు చాలు. ఈ లోపం 2011లోనే బయటపడింది.

4. రిమోట్ మేనేజ్‌మెంట్, యూపీఎన్‌పీ ఆపేయండి. ఏదైనా గేమ్‌కు యూపీఎన్‌పీ నిజంగా అవసరమైతే అప్పుడు చూసుకోవచ్చు.

5. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి. ఆటో అప్‌డేట్ ఉంటే ఆన్ చేయండి.

6. గెస్ట్ నెట్‌వర్క్ తెరిచి చుట్టాలనూ, సీసీ కెమెరానూ, స్మార్ట్ టీవీనీ అందులో పెట్టండి. యాక్సెస్ పాయింట్ మోడ్‌లో కొన్ని మోడళ్లు గెస్ట్‌ను పూర్తిగా వేరు చేయవు. గెస్ట్‌లో కనెక్ట్ అయిన ఫోన్‌లో రౌటర్ పేజీ తెరుచుకుంటుందేమో ఒకసారి చూసుకోండి.

7. కొత్త రౌటర్ పెట్టాక పాత పెట్టెలో వైఫైని ఆఫ్ చేయండి. అది పాత మొబైల్ నంబర్ పాస్‌వర్డ్‌తో అలాగే వెలుగుతుంటే ముందు తలుపుకి తాళం వేసి దొడ్డి తలుపు తీసి పెట్టినట్టే.

పాస్‌వర్డ్ మార్చిన రోజు ఇంట్లో అందరూ 'నెట్ పోయింది' అని అరుస్తారు. ఒక్కొక్క ఫోన్‌కీ కొత్తది మీరే ఓపిగ్గా కొట్టి పెట్టండి. తర్వాత కనెక్టెడ్ డివైజెస్ జాబితా తెరిచి లెక్కపెట్టండి. ఇంట్లో ఉన్న పరికరాలెన్నో, జాబితాలో ఉన్నవీ అన్నే ఉండాలి. తేడా ఏమీ లేకపోతే ఆ రోజుకి పని అయినట్టే.