సెల్‌ఫోను అందని చోటి మోటారుకు ఈ-మెయిలు ద్వారా ఆజ్ఞ



ఇంటినుండి సెల్‌ఫోనుతో బావివద్ది మోటారు వేయుట, ఆపుట మీలో పలువురకు తెలిసినదే. టవరు అందని చోట ఆ స్టార్టరు పనిచేయదు. అట్టి చోట్ల యంత్రమునకు చిన్న ఉపగ్రహ మోడెము అమర్చి, ఈ-మెయిలు ద్వారా ఆజ్ఞ పంపు పద్ధతి కలదు. ఇరిడియం సంస్థకు చెందిన 66 ఉపగ్రహములు సుమారు 780 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచు ఈ సందేశములను చేరవేయును.

పంపు విధానము

1. మోడెముయొక్క 15 అంకెల ఐ.ఎమ్.ఇ.ఐ. సంఖ్యను ఈ-మెయిలులోని 'విషయము' గడిలో వ్రాయవలెను.

2. యంత్రము తయారుచేసినవారు నిర్ణయించిన మాటలలోనే ఆజ్ఞను ఒక ఫైలులో వ్రాసి జతచేయవలెను. ఆ ఫైలు పేరు 'ఎస్‌బిడి' అను ఆంగ్లాక్షరములతో ముగియవలెను. ఉత్తరములో వ్రాసిన మాటలు యంత్రమునకు పోవు.

3. ఆజ్ఞ క్లుప్తముగా నుండవలెను. 9602 రకపు మోడెము ఒకసారికి 270 బైట్లకు మించి అందుకొనలేదు.

ముఖ్యముగా గమనింపవలసినది

మెయిలు పంపిన పిమ్మట, సందేశము వరుసలో చేరినదని జవాబు వచ్చును. అది ఇరిడియం కేంద్రమిచ్చిన జవాబే గాని మోటారు ఇచ్చినది కాదు. ఆకాశము అడ్డులేకుండ కనబడు చోట మోడెము తానై ఉపగ్రహమును పిలిచినప్పుడే ఆజ్ఞ దానికి అందును. పిలిచిన ప్రతిసారి ఒక్క సందేశమే, అదియు పంపిన వరుసలోనే వచ్చును.

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ హిందూ మహాసముద్రములో విడుచు ఆర్గో యంత్రములు ఇందుకు మంచి ఉదాహరణము. అవి సాధారణముగా 1000 మీటర్ల లోతున నుండి, 10 రోజులకొకసారి పైకి తేలును. వానిలో ఇరిడియం మోడెము గలదానికి నేడు ఆజ్ఞ పంపినను, అది తేలువరకు ఆ ఆజ్ఞ వేచియుండవలసినదే.

మోటారు విషయమును ఇంతే. ఉదయము "మోటారు వేయి" అని పంపి, ఫలితము కనబడలేదని మరల మరల పంపినచో, అవన్నియు వరుసలో నిలిచి, వాన కురిసిన తరువాత ఒక్కొక్కటిగా దిగవచ్చును. తడిసిన చేనికే మరల నీరు పారును. బావి ఎండియున్నచో మోటారు కాలిపోవును.

జాగ్రత్తలు

* ఆజ్ఞతోపాటు తేదీ, గంట పంపవలెను. గడువు మీరిన ఆజ్ఞను యంత్రము త్రోసివేయునట్లు ముందే అమర్పించుకొనుడు.

* మోటారు వేసిన పిదప, ఆపిన పిదప యంత్రమే ఆ సంగతి తెలుపునట్లు చేయించుడు. ఆ కబురు రానంతవరకు పని జరిగినదని తలంపరాదు.

* నీరు లేనప్పుడు మోటారు తనంతట ఆగు సాధనమును బావివద్దనే అమర్చవలెను.

* మన దేశములో ఇట్టి ఉపగ్రహ మోడెమును ప్రభుత్వ టెలికమ్యూనికేషన్ల శాఖ అనుమతి లేకుండ వాడరాదు. కొనుటకు ముందే అనుమతి పొందుడు.