మనిషి గనిలో, మనసు ఊళ్లో

తెల్లవారుజాము ఐదున్నర. భిలాయి దగ్గర నందిని టౌన్‌షిప్‌లో ఇంటి నుంచి మీరు బండి తీశారు. ఫస్ట్ షిఫ్టు. గని గేటు దగ్గర హాజరు వేస్తుంటే చిన్న అనుమానం వచ్చింది. దారిలో లారీ ఏదైనా ఎదురొచ్చిందా? గుర్తు లేదు. మలుపు దగ్గర హారన్ కొట్టానా? అదీ గుర్తు లేదు. గుర్తున్నదల్లా రాత్రి పాలకొండ నుంచి తమ్ముడు చేసిన ఫోను, పొలం గట్టు తగాదా. బండి నడిపింది చేతులు. మనసు ఎప్పుడో పాలకొండలో దిగి గట్టు కొలుస్తోంది.

దీనికి మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్న మాట పరధ్యానం. ముదిరితే ఏమరుపాటు. దానికి విరుగుడు ఎరుక. బౌద్ధుల పాళీ భాషలో దీన్నే 'సతి' అన్నారు. అమెరికాలోని మసాచుసెట్స్ వైద్య కళాశాలలో జాన్ కబట్-జిన్ 1979లో నొప్పితో, ఒత్తిడితో బాధపడే రోగులకు దీన్ని నేర్పడం మొదలుపెట్టారు. ఆ తర్వాత 'మైండ్‌ఫుల్‌నెస్' పేరుతో ఆఫీసుల దాకా వచ్చింది. అయితే చాలామంది దాన్ని కళ్లు మూసుకుని కూర్చునేవాళ్ల వ్యవహారం అనుకుంటారు. డంపర్ నడిపేవాడు కళ్లు మూసుకుంటే కుదరదు. అతనికి కావలసింది కళ్లు తెరుచుకునే ఉండే ఎరుక.

ఎనిమిది గంటలూ అక్కర్లేదు

ముందు ఈ గని పని ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. ఆ ఉక్కు పని వెతుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఎన్నో కుటుంబాలు ఇటు వచ్చాయి. సెక్టార్ 5లో బాలాజీ గుడి కట్టుకునేంతగా ఇక్కడ పాతుకుపోయాయి. ఫర్నేస్‌లకు ఇనుప ఖనిజం దల్లీ రాజహరా గనుల నుంచి వస్తుంది. దాంట్లోని మలినాలు స్లాగ్‌గా విడిపోవాలంటే సున్నపురాయి కావాలి. అది నందినిలో తవ్వుతారు.

గని పని అంటే తిరిగిన దారే తిరగడం. షావెల్ కింద లోడు, క్రషర్ దగ్గర అన్‌లోడు, మళ్లీ షావెల్. ఒకే పని వందసార్లు చేస్తే అది చేతులకు అప్పజెప్పేసి మనసు బయటకు వెళ్లిపోతుంది. అందులో తప్పేమీ లేదు. అలవాటే లేకపోతే మధ్యాహ్నానికల్లా అలిసిపోతాం. కాకపోతే అలవాటుకు ఒక గుడ్డితనం ఉంది. నిన్న ఉన్నదే ఇవాళా ఉందనుకుంటుంది. రాత్రి వానకు దారి అంచు జారినా, కొత్త హెల్పరు బండి వెనక నిలబడినా దానికి తెలియదు.

కాబట్టి షిఫ్టంతా క్షణక్షణం ఎరుకతో ఉండాలని పంతం పట్టకండి. అది ఎవరి వల్లా కాదు. ఏదైనా మారే చోట ఆగండి చాలు. అలాంటి చోట్లను గడపలు అనుకుందాం. గడప తగిలి పడేది చూడకుండా దాటినప్పుడే కదా.

మొదటి గడప: గేటు

ఇంటి విషయం మరిచిపొమ్మంటే మనసు వినదు. మరిచిపోవద్దు, వాయిదా వేయండి. జేబులో చిన్న కాగితం పెట్టుకుని ఒక్క ముక్క రాయండి: 'తమ్ముడికి ఫోను, రెండున్నరకి.' టైము తప్పనిసరిగా వేయాలి. టైము వేయని పని గంటకోసారి వచ్చి తలుపు తడుతుంది. టైము వేసిన పని చాలావరకు ఆ వేళ దాకా ఊరుకుంటుంది. షిఫ్టు మధ్యలో మళ్లీ గుర్తొస్తే దానితో వాదన పెట్టుకోకండి. 'రెండున్నరకి' అనుకుని పనిలోకి రండి.

రెండో గడప: బండి చుట్టూ ఒక చుట్టు

డంపర్ ఎక్కే ముందు చుట్టూ తిరిగి చూడాలని అందరికీ తెలుసు. చాలామంది తిరుగుతారు కూడా. కానీ నడక వేరు, చూపు వేరు. చెక్ షీటులో టిక్కులు పెట్టడం కూడా అలవాటే కావచ్చు.

జపాన్ రైల్వేవాళ్లు దీనికి ఒక మందు కనిపెట్టారు. చూసిన ప్రతిదాన్నీ వేలితో చూపిస్తూ పేరు పెట్టి పైకి అంటారు. వాళ్ల రైల్వే పరిశోధన సంస్థ 1994లో ప్రయోగం చేస్తే, వంద పనులకు 2.38గా ఉన్న తప్పులు ఈ పద్ధతితో 0.38కి తగ్గాయి. మన దగ్గరా ఉంది ఇది. భిలాయిలో తయారైన పట్టాల మీద రైలు నడిపే లోకో పైలట్, అతని అసిస్టెంట్ ఇద్దరూ సిగ్నల్ కనిపించగానే దాని రంగు ఒకరికొకరు పైకి చెప్పుకుంటారు.

మీరూ అలాగే చేయండి. టైరు మీద చెయ్యి వేసి, "ఎడమ ముందు టైరు, బాగుంది." వంగి కిందకి చూసి, "ఆయిల్ కారడం లేదు." వెనక్కి వెళ్లి, "వెనక ఎవరూ లేరు." చెయ్యి, కన్ను, నోరు మూడూ ఒకే చోట ఉంటే మనసుకి వేరే దిక్కు ఉండదు. మొదటి వారం పక్కవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

మూడో గడప: చేతులు మారే చోటు

షిఫ్టు మార్పు దగ్గర దిగేవాడి మనసు అప్పటికే ఇంట్లో ఉంటుంది. ఎక్కేవాడి మనసు ఇంకా ఇల్లు వదిలి రాదు. వాళ్ల మధ్య మాట నేలపాలవడం తేలిక. మాట ఎలా అందించాలంటే:

"అల్లుడూ, మూడో బెంచి మలుపు కాడ కట్ట జారింది. ఫోర్‌మన్‌కి సెప్పాను. బాగు సేసేదాకా అటు పోకు."

"సరే మావా."

"సరే కాదు. నానేటి సెప్పాను?"

"మూడో బెంచి మలుపు. కట్ట జారింది. బాగు సేసేదాకా అటు పోకూడదు."

"అదీ."

'సరే' అన్నంత మాత్రాన మాట చేరినట్టు కాదు. తిరిగి చెప్పినప్పుడే చేరినట్టు. ఆఫీసులో పని అప్పగించేటప్పుడూ, రిపేరుకు ముందు కరెంటు తీశారని ఎవరైనా చెప్పినప్పుడూ ఇదే సూత్రం.

నాలుగో గడప: నిద్ర ముంచుకొచ్చే వేళ

నైట్ షిఫ్టులో మూడు నుంచి ఐదు దాకా ఒళ్లు చల్లబడి నిద్రకు లాగుతుంది. అప్పుడు 'ఎరుక తెచ్చుకుంటాను' అనడం మొండితనమే. ఒక్క క్షణం కునుకు పట్టినా, పట్టినట్టు మనకే తెలియదు. రెప్ప బరువెక్కింది, గేరు ఎప్పుడు మార్చారో గుర్తు లేదు అంటే బండి భద్రమైన చోట ఆపి ఫోర్‌మన్‌కి చెప్పండి. మొహం కడుక్కోండి, నాలుగడుగులు వేయండి, వీలైతే కాసేపు కునుకు తీయండి. తన అలసట తనకు తెలియడమూ ఎరుకే. ఆ మాట పైకి చెప్పడానికి సిగ్గుపడకూడదు.

ఎరుక చాలని చోట్లు

2014 జూన్ 12న భిలాయి ప్లాంటులో పంప్ హౌస్ దగ్గర విషవాయువు వ్యాపించి ఆరుగురు చనిపోయారు. వాళ్లలో సీనియర్ అధికారులూ ఉన్నారు. బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌లో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ఎంత ఏకాగ్రత ఉన్నవాడికీ అది అందదు. పైగా ముందు తల దిమ్మెక్కించి, ఆ ఏకాగ్రతనే మింగేస్తుంది. అక్కడ కావలసింది మోగే మీటరు, మాస్కు, అలారం వినగానే పరుగు.

అందుకే ధ్యానం క్లాసు పెట్టి, అరిగిన బ్రేకులూ తక్కువ మనుషులూ అలాగే ఉంచితే ఒప్పుకోకండి. పనివాడి జాగ్రత్త ఆఖరి కంచె. ముందు కంచెలు యాజమాన్యం వేయాలి. లోపం కనిపిస్తే రిజిస్టరులో రాయించండి, సేఫ్టీ కమిటీలో అడగండి.

చివరి గడప: ఇల్లు

రెండింటికి షిఫ్టు దిగి ఇంటికొచ్చారు. బూట్ల మీద తెల్లటి సున్నపు దుమ్ము. వాటిని బయటే విప్పి దులపండి. ఆ రెండు నిమిషాలూ దులపడమే పని. గనిలో జరిగిన మాటామాటా దుమ్ముతోపాటు గుమ్మం బయటే ఉండిపోతే మంచిది. పాప బడిలో ఏం జరిగిందో చెబుతుంటే ఫోను బల్ల మీద బోర్లా పెట్టండి. ఆ అమ్మాయికి మీ చెవులు మాత్రమే చాలవు, కళ్లూ కావాలి.

ఇక జేబులో కాగితం తీయండి. రెండున్నర అయింది. తమ్ముడికి ఫోను కలపండి. ఇప్పుడు మనసుని పాలకొండ వెళ్లనివ్వండి. గట్టు ఎంత జరిగిందో, సర్వేయర్ ఎప్పుడొస్తాడో తీరిగ్గా అడగండి. దాని వేళ ఇదే.