ఈమ్ గ్రామము – దాని పరిసరములు

ఇంగ్లండు దేశమనగానే లండను, మాంచెస్టరు, లివర్‌పూలు మున్నగు మహానగరములే మన మనస్సునకు దోచును. కాని ఒక దేశము యొక్క గుణము దాని పల్లెలయందును కానవచ్చును. అట్టి చిన్న పల్లె నొకదానిని గూర్చి యిచ్చట తెలిసికొందము. దాని పేరు ఈమ్. ఇంగ్లీషు అక్షరములను బట్టి చదువువారు దీనిని “ఎయామ్” అని పలుకుదురు. ఆ యూరివారు మాత్రము “ఈమ్” అనియే యందురు.

ఈ గ్రామము డెర్బీషైరులో, షెఫీల్డు నగరమునకు నైరృతి దిశను సుమారు పండ్రెండు మైళ్ల దూరమున, కొండవాలునందున్నది. పూర్వ మిచ్చటివారు సేద్యముచేతను, సీసపు గనులలోని పనిచేతను జీవించుచుండిరి. ఊరి నడుమ సెయింట్ లారెన్సు దేవాలయము కలదు. దాని యావరణములో వేయి సంవత్సరములకు పూర్వమే చెక్కబడిన రాతి సిలువ నిలిచియున్నది. అయినను ఈ యూరికి కీర్తి వచ్చినది శిల్పమువలన గాదు. 1665, 1666 సంవత్సరములలో నిచ్చటి జనులు చేసిన యొక నిశ్చయమువలన.

1665లో లండనునందు ప్లేగు ప్రబలియుండెను. వేసవి చివర నచ్చటినుండి ఈమ్‌లోని దర్జీకి బట్టలమూట యొకటి వచ్చెననియు, దర్జీయొద్దనున్న జార్జి వికర్సు అను పనివాడు ఆ తడిబట్టలను పొయ్యికడ నారవేసెననియు చెప్పుదురు. సెప్టెంబరు 7వ తేదీన నతడు సమాధి చేయబడెను. పిమ్మట ఇల్లిల్లును మరణములు కలిగెను. శీతకాలమున నించుక తగ్గిన రోగము, మరుసటి వేసవిలో మరల విజృంభించెను.

అప్పుడు గ్రామగురువు విలియం మాంపెస్సన్. ఆయనకు ముందు గురువుగా నుండిన థామస్ స్టాన్లీ, ప్రభుత్వము విధించిన ఆరాధనక్రమమునకు లోబడనందున పదవిని గోల్పోయినవాడు. వేర్వేరు పక్షములకు చెందిన యీ యిరువురును 1666 జూనులో నేకమై జనులను సమావేశపరచి మూడు నియమముల నేర్పరచిరి. ఎవరి మృతులను వారే తమ భూములలో పాతిపెట్టవలెను; ఆరాధన బయలునందు జరుగవలెను; ఎవ్వరును గ్రామపు టెల్లను దాటరాదు.

ఇప్పుడు గ్రామము చుట్టును నడచినచో, ఈ నియమములకు సాక్షులగు స్థలములు ఒక్కొక్కటిగా గానవచ్చును. దేవాలయమునకు చేరువనే కక్లెట్ డెల్ఫ్ అను లోయ కలదు. కుటుంబములు దూరదూరముగా నిలిచి ఆరాధించిన చోటు ఇదియే. ఉత్తరమున కొండపై మాంపెస్సన్ బావి కలదు. దక్షిణమున స్టోనీ మిడిల్టను గ్రామమునకు పోవు కాలిబాటప్రక్కన నొక సరిహద్దు రాయి యున్నది. దానిపై గుంటలు తొలువబడి యున్నవి. గ్రామస్థులు ఆ గుంటలలో చిరక పోసి, నాణెములను అందుంచి వెడలిపోవుదురు. పొరుగువారు వచ్చి ఆహారముంచి ఆ నాణెములను దీసికొని పోవుదురు. సుమారు ఆరు మైళ్ల దూరముననున్న చాట్స్‌వర్తు నగరునకు ప్రభువగు డెవన్‌షైరు ఎర్లు కూడ వీరికి ఆహారము పంపించెను.

తూర్పున అరమైలు దూరములో, పొలము నడుమ రాతిగోడలోపల రైలీ సమాధులు కలవు. ఎలిజబెత్ హాంకాక్ అను తల్లి 1666 ఆగస్టులో ఎనిమిది దినములలోనే భర్తను, ఆరుగురు బిడ్డలను స్వహస్తములతో నిచ్చట పాతిపెట్టెను. మాంపెస్సన్ తన బిడ్డలను ముందుగనే ఊరు దాటించియుండెను. ఆయన భార్య కేథరిన్ మాత్రము వెడలుట కొల్లక భర్తతోనే యుండి, ఆగస్టు 25వ తేదీన మరణించెను. నవంబరు నాటికి రోగము శమించెను. ఆ పదునాలుగు నెలలలో మృతులు 260 మంది యని చెప్పుదురు.

ప్లేగునకు కారణమగు సూక్ష్మజీవిని యెర్సిన్ హాంకాంగులో కనుగొన్నది 1894లో. ఎలుకల నంటియుండి రక్తము పీల్చు పురుగు దానిని మోయునని సీమాన్ కరాచీలో చూపినది 1898లో. ఈమ్ వారికి ఇవేవియు తెలియవు. ఊరు విడువకుండుటచేతనే అచ్చటి మరణములు హెచ్చెనని కొందరు పండితులు తలంతురు. అది నిజమైనచో, వారి త్యాగము మనము తలచినదానికంటె గొప్ప వెల పెట్టి కొనబడినదే. పొరుగు గ్రామములు మాత్రము బ్రదికెను.

సమీపమున చూడదగినవి మరికొన్ని కలవు. స్టోనీ మిడిల్టనులో ఎనిమిది మూలల దేవాలయము, బేక్‌వెల్ పట్టణములో వై నదిపై ఐదు కమానుల పురాతన వంతెన, చాట్స్‌వర్తులో డెర్వెంటు నదీతీరమున ఉద్యానములు ప్రసిద్ధములు. వాని శోభ కన్నులకు విందు. గుంటలుగల ఆ చిన్న రాయియో, మనల నొక ప్రశ్న అడుగుచున్నది: మన క్షేమమునకును పొరుగువాని ప్రాణమునకును నడుమ హద్దు గీయవలసివచ్చినపుడు మన మే వైపున నిలుతుము? నేటికిని ఏటేట ఆగస్టు కడపటి ఆదివారమున ఆ గ్రామస్థులు కక్లెట్ డెల్ఫ్‌నకు నడచి, తమ పూర్వుల యుత్తరమును జ్ఞప్తికి దెచ్చుకొనుచున్నారు.